పాల లెక్కల క్యాలెండర్‌లో మా పాప నిద్ర

మా అత్తమ్మ వంటింటి తలుపు పక్కన ఒక తెలుగు క్యాలెండర్ వేలాడుతుంటుంది. ఏకాదశి ఎప్పుడో చూసుకోవడం కంటే గ్యాస్ బండ మార్చిన రోజు, పాలు ఎక్కువ తీసుకున్న రోజు రాసుకోవడానికే అది ఎక్కువ పనికొస్తుంది. సెప్టెంబరు నెలాఖరున పాలబ్బాయి బిల్లు తెస్తే ఆమె కళ్లజోడు పెట్టుకుని గళ్లు చూస్తూ, "తొమ్మిదో తారీఖు నాడు నాలుగు ప్యాకెట్లు ఎందుకు తీస్కున్నం?" అంది.

తీసుకోలేదు. ఆ నాలుగు నేను రాసింది. ఆ తెల్లవారుజామున మా పాప నాలుగింటికి లేచింది. దాని పైనే ఒకటి, రెండున్నర కూడా ఉన్నాయి గానీ, చీకట్లో పెన్సిల్‌తో గీకడం వల్ల ఆమెకు కనబడలేదు.

పాప ఏప్రిల్ చివర్లో పుట్టింది. ఇప్పుడు ఎనిమిదో నెల. ఇన్నాళ్లలో నన్ను అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: "రాత్రుళ్లు పడుకుంటోందా?" పక్క ఫ్లాట్ ఆంటీ, బ్యాంకులో నాతో పనిచేసేవాళ్లు, చివరికి టీకా వేసే నర్సు కూడా. "ఆ, పర్లేదండీ" అని అబద్ధం చెప్పేదాన్ని. నిజం చెబితే సలహా వస్తుంది.

మొదటి నాలుగు నెలలు మల్కాజ్‌గిరిలో అమ్మ వాళ్లింట్లో ఉన్నాం. అప్పుడే పుట్టిన పిల్లలు రోజుకు పదహారు గంటల దాకా నిద్రపోతారని డాక్టర్ చెబితే సంబరపడ్డాను. ఆ పదహారూ రెండేసి గంటల ముక్కల్లో వస్తాయని, ఆ ముక్కలకు రాత్రీ పగలూ తేడా ఉండదని ఇంటికొచ్చాక తెలిసింది. అమ్మ లెక్క వేరు: "కడుపులో ఉన్నప్పుడు పగలంతా నువ్వు తిరుగుతుంటే ఊయలలా ఊగి పడుకునేది. నువ్వు పడుకున్నాక తన్నేది. అదే అలవాటు." డాక్టర్ మాత్రం ఒంట్లో గడియారం రెండు మూడు నెలలకు గానీ కుదురుకోదని, అప్పటిదాకా పగలు కిటికీ తీసి వెలుతురు రానివ్వమని, రాత్రి పాలిచ్చేటప్పుడు లైటు, కబుర్లు తగ్గించమని చెప్పాడు. లైటు తగ్గించాం. కబుర్లు మా అమ్మ వల్ల కాలేదు.

ఆ రోజుల్లో నాకు అన్నిటికంటే కష్టమైన పని పాలివ్వడం కాదు, భుజం మీద నిద్రపోయిన పిల్లను మంచం మీదికి దించడం. ముందు నడుము వంచాలి. పిల్ల పిర్రలు పరుపుకు ఆనాలి, తర్వాత వీపు, చివర్న తల. తల కింద నుంచి అరచేయి లాగడం ఒక ఎత్తు, ఆ చేతికున్న గాజు శబ్దం చేయకుండా లాగడం మరో ఎత్తు. మూడో రోజుకే గాజులన్నీ తీసి డబ్బాలో పెట్టేశాను. బాలింత బోసి చేతులతో ఉండకూడదని అమ్మ గొణిగింది. ఇంత చేసినా సగం సార్లు వీపు ఆనగానే రెండు చేతులూ గాల్లోకి ఎగిరేవి, కళ్లు తెరుచుకునేవి. పసిపిల్లలు నిద్రలోకి జారేది కలత నిద్రతోనే, గాఢనిద్ర ఆ తర్వాతే వస్తుంది. ఈ సంగతి తెలిశాక కిటుకు దొరికింది. చేయి ఎత్తి వదిలితే తడిగుడ్డలా వాలిపోయేదాకా, అంటే ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు భుజం మీదే ఉంచుకోవాలి. ఆ ఇరవై నిమిషాలు నేను నిలబడే కునుకు తీసేదాన్ని.

తల గుండ్రంగా రావాలని అమ్మ ఎంతో ముచ్చటగా ఆవాల దిండు కుట్టింది. ఏడాది నిండేదాకా దిండు వద్దని, వెల్లకిలా, గట్టి పరుపు మీదే పడుకోబెట్టాలని డాక్టర్ ఖచ్చితంగా చెప్పాడు. ఊపిరాడకుండా పోయే ప్రమాదం అలాగే తగ్గుతుందట. ఆ దిండు ఇప్పుడు మా నాన్న మెడ కింద ఉంది.

మొదటి పెద్ద నిద్ర బోనాల రాత్రి వచ్చింది. పాపకు పన్నెండో వారం. స్టేషన్ దగ్గరి గూడ్సు బండి కూతలకు ఎప్పుడూ లేవదు గానీ, స్విచ్ 'టక్'మంటే లేచే పిల్ల. మా గల్లీలో డప్పులు, తీన్మార్, కిటికీ అద్దాలు కూడా అదురుతున్నాయి. ఇవాళ జాగారమే అనుకున్నాను. తొమ్మిదింటికి పడుకుంది. నాకు మెలకువ వచ్చేసరికి జాకెట్టంతా పాలతో తడిసిపోయి ఉంది, గడియారం రెండున్నర చూపిస్తోంది. ఐదున్నర గంటలు! సంతోషం తర్వాత సంగతి, ముందు గుండె ఆగినంత పనైంది. ముక్కు దగ్గర వేలు పెట్టాను, చాల్లేదు. బుగ్గ గిల్లాను, లేచింది. అంటే మా పాప మొట్టమొదటి పెద్ద నిద్రను చెడగొట్టింది నేనే.

ఆ తర్వాత నెల రోజులు అలాగే నాలుగు, ఐదు గంటలు పడుకుంది. ఇక గట్టెక్కానని అనుకున్నాను.

మూడో నెలలో అత్తారింటికి రావాల్సింది. ఆషాఢం అడ్డొచ్చి ఐదో నెలలో వచ్చాం, నిజాంపేటకు. వారం తిరక్కుండా వినాయక చవితి, కింద అపార్ట్‌మెంట్ మండపం, రాత్రి పదింటి దాకా మైకు. పాప గంటన్నరకోసారి లేవడం మొదలుపెట్టింది. స్థలం మారిందని మామయ్య, దిష్టి తగిలిందని అత్తమ్మ, మైకని మా ఆయన. నా పాలు చాలట్లేదని పక్క ఫ్లాట్ ఆంటీ. రాత్రికి ఇంత రాగి జావ పట్టిస్తే కడుపు నిండి పడుకుంటుందని అత్తమ్మ రెండు రోజులు పట్టుబట్టింది.

డాక్టర్ ఇవేవీ కాదన్నాడు. నాలుగో నెల దగ్గర పిల్లల నిద్ర తీరే మారుతుందట. పెద్దవాళ్లలాగే కలత నిద్ర, గాఢనిద్ర విడివిడిగా వచ్చి, ఒక చుట్టు పూర్తయినప్పుడల్లా పైకి తేలతారట. మనమూ తేలతాం, పక్కకు తిరిగి మళ్లీ పడుకుంటాం. పిల్లలకు ఆ తిరిగి పడుకోవడం ఇంకా చేతకాదు. జావ సంగతి అడిగితే ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దన్నాడు. జావ పట్టినంత మాత్రాన నిద్ర పెరగదని కూడా చెప్పాడు. అత్తమ్మ ఆ మాట నా నోటి నుంచి వింటే నమ్మేది కాదు. అందుకే డాక్టర్ చెబుతున్నప్పుడు ఆమెను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

సరిగ్గా ఆ వారమే పాప బోర్లా పడింది. పగలు బొబ్బట్లు చేసుకుని తిన్నాం, రాత్రి అది అర్ధరాత్రి బోర్లా పడి, తిరిగి వెల్లకిలా పడటం రాక ఏడుస్తుంటే లేచాం. బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగేస్తే అరిసెలు అన్న మన పెద్దవాళ్లు రాత్రంతా పడుకుంటే ఏం వండాలో మాత్రం చెప్పలేదు. వాళ్లకూ ఆ అవసరం పడినట్టు లేదు.

రాత్రుళ్లు పాలిస్తూ ఫోన్‌లో చదివినవాటిలో రెండు సంగతులు గుర్తుండిపోయాయి. 1957లో లండన్‌లో పసిపిల్లల రాత్రి మెలకువల మీద జరిగిన ఒక పరిశోధనలో, అర్ధరాత్రి నుంచి ఐదింటి దాకా లేవకపోతే దాన్నే రాత్రంతా పడుకున్నట్టు లెక్కేశారు. ఐదు గంటలు! నేనేమో తొమ్మిది నుంచి ఆరు అనుకుంటూ కూర్చున్నాను. రెండోది కెనడాలో చేసి 2018లో ప్రచురించింది. ఆరు నెలల పిల్లలు 388 మందిని చూస్తే, వాళ్లలో 38 శాతం మంది ఏకధాటిగా ఆరు గంటలు పడుకోవట్లేదు. ఏడాది నిండినా 28 శాతం మంది అంతే. అలా లేచే పిల్లల ఎదుగుదలలో తేడా కూడా కనబడలేదట. అది చదివిన రాత్రి నాకు ఏడుపొచ్చింది. మా పాపలో లోపం లేదని కాదు, ఆ ముక్క ముందే ఎవరూ చెప్పనందుకు.

క్యాలెండర్‌లో రాయడం అప్పుడే మొదలైంది. బిల్లు రోజు అత్తమ్మకు గళ్లు వివరించబోతూ నిలువుగా చూశాను. ఒకటి, రెండున్నర, నాలుగు. ఒకటి, మూడు. పన్నెండు ముప్పావు, మూడు, ఐదు. చివరి రెండు వారాల్లో ఒక్క గడిలోనూ పన్నెండున్నరకు ముందు టైము లేదు. పాప పడుకునేది ఎనిమిదిన్నరకు. అంటే రోజూ నాలుగు గంటలకు పైగా ఆపకుండా నిద్రపోతూనే ఉంది! ఆ నాలుగు గంటలూ నేనేం చేస్తున్నాను? చపాతీలు, అందరి భోజనాలు, గిన్నెలు, కాసేపు ఫోన్. సెకండ్ షిఫ్ట్ చేసి గచ్చిబౌలి నుంచి పదకొండున్నరకు వచ్చే మా ఆయనకు వడ్డించి, పన్నెండింటికి నడుం వాల్చేదాన్ని. గంటలో పాప లేచేది. పిల్లకు పెద్ద నిద్ర ఎప్పుడో వచ్చేసింది. అది సాగే వేళకు నేనే మేలుకుని ఉంటున్నాను.

ఎనిమిదిన్నరకు పాపతో పాటే పడుకుంటానని అత్తమ్మతో చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. మామయ్య భోంచేయకముందే కోడలు తలుపేసుకోవడం మా ఇంట్లో ఎన్నడూ లేదు. ఇరవై ఆరు వారాల సెలవు అక్టోబరు చివర్లో అయిపోతుంది, బ్యాంకులో కౌంటర్ మీద కూర్చుని డబ్బు లెక్కపెట్టాలి, అదొక భయం. చెప్పాను. ఆమె ఉల్లిపాయ కోస్తూ, "నా ఇద్దరు పిల్లలప్పుడు నన్నెవరు పండుకొమ్మన్నరు?" అంది. నేనేం మాట్లాడలేదు. ఇంకో రెండు ఉల్లిపాయలు కోశాక, "పో, పండుకో. మీ మామయ్యకు చేతులున్నయి" అంది.

ఇప్పుడు మా ఆయన అన్నం తానే పెట్టుకుని తింటాడు. ఎలాగూ మెలకువగానే ఉంటాడు కాబట్టి పాప మొదటిసారి లేస్తే డైపర్ మార్చి, పాలకు నా దగ్గర పడుకోబెట్టి పోతాడు. పాప ముందుకంటే ఎక్కువేం పడుకోవట్లేదు. నేను పడుకుంటున్నాను. బ్యాంకులో మొదటి నెల క్యాష్ ఒక్కరోజు కూడా తేడా రాలేదు.

మొన్న కిరాణా కొట్టు వాళ్లు వచ్చే ఏడాది క్యాలెండర్లు ఇస్తుంటే అత్తమ్మ రెండు అడిగి తెచ్చింది. ఒకటి నా చేతిలో పెట్టి, "ఇది నీది. నా పాల లెక్కల జోలికి రాకు" అంది. జనవరి దాకా మాత్రం పాల గళ్లే గతి. నిన్నటి గడిలో 1.20 ఒక్కటే ఉంది. మొన్నటి గడిలో నాలుగున్నాయి. పళ్లొస్తున్నాయంటున్నారు.