వేరే రాష్ట్రంలో చదువు, ఇంట్లో లెక్క

మా పెద్దమ్మాయి అమెరికాలో, మేముండే జార్జియా రాష్ట్రంలోని ఒక పబ్లిక్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతోంది. బాగా చదివే పిల్లలకు జార్జియా ఇచ్చే జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్ వస్తోంది కాబట్టి ట్యూషన్ (చదువు ఫీజు) మేం కట్టక్కర్లేదు. గది అద్దె, తిండి, మిగతా ఫీజులు చూసుకుంటే చాలు. ఇప్పుడు తను ఏరోస్పేస్‌కి మారతానంటోంది, అదీ ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీలో. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చదివిన చోటు. ఆ కోరిక విని నాకు సంతోషమే వేసింది. టెన్షన్ మొదలైంది ఫీజుల పేజీ తెరిచాకే.

పర్డ్యూ చాలా ఏళ్ళుగా ట్యూషన్ పెంచకుండా పట్టి ఉంచింది. ఇండియానా పిల్లలకు ఏడాదికి 9,992 డాలర్లు, బయటి రాష్ట్రాల వాళ్ళకు 28,794. ఇంజనీరింగ్‌కి పైన ఇంకొంత. గది, తిండి, సెలవులకు రాకపోకలు కలిపితే 40 వేలు దాటిపోతుంది. జార్జియా లాటరీ డబ్బుతో 1993లో మొదలైన హోప్ స్కాలర్‌షిప్ గానీ, దాని తర్వాత వచ్చిన జెల్ మిల్లర్ గానీ జార్జియా కాలేజీల్లోనే పనికొస్తాయి. రాష్ట్రం దాటితే ఆగిపోతాయి. కాబట్టి ట్యూషన్ మాకు పది వేల నుంచి ఇరవై తొమ్మిది వేలకు పెరగడం కాదు, సున్నా నుంచి ఇరవై తొమ్మిది వేలకు చేరడం. పైగా పెద్ద మెరిట్ స్కాలర్‌షిప్‌లు చాలా చోట్ల ఫస్ట్ ఇయర్‌లో చేరేవాళ్ళకే ఇస్తారు, మధ్యలో వచ్చేవాళ్ళకు మిగిలేది తక్కువ.

మనవాళ్ళ పార్టీల్లో ఈ మాట ఎత్తితే ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "ఏం కాదండీ, ఒక్క ఏడాది అక్కడుంటే ఇన్-స్టేట్ (ఆ రాష్ట్రం పిల్లల ఫీజు) అయిపోతుంది, డ్రైవింగ్ లైసెన్సు మార్పిస్తే చాలు." దయచేసి ఈ మాట నమ్మి అడ్మిషన్ తీసుకోకండి. మిస్సోరిలాంటి ఒకటి రెండు రాష్ట్రాలు విద్యార్థికి ఆ దారి ఇస్తాయి. ఎక్కువ చోట్ల అమ్మానాన్నల మీద ఆధారపడ్డ పిల్లలు ఏ రాష్ట్రం వాళ్ళో తేల్చేది అమ్మానాన్నల ఇంటిని బట్టే. చదువు కోసం వచ్చి ఉన్న కాలం లెక్కలోకి రాదు. మన దగ్గర ఎంసెట్ రోజుల్లో లోకల్, నాన్-లోకల్ అనేది పిల్లలు వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివారో చూసి తేల్చేవారు, అందుకే మనకు ఈ మాట సులువుగా నమ్మబుద్ధేస్తుంది. ఇక్కడ మాత్రం చూసేది అమ్మానాన్నలు ఉండి పన్నులు కట్టే రాష్ట్రం.

క్రెడిట్ల (పూర్తి చేసిన కోర్సులకు వచ్చే పాయింట్ల) సంగతి ఇంకా ముఖ్యం. పాత కాలేజీ క్రెడిట్లు తీసుకుంటామనడం వేరు, డిగ్రీకి కావలసిన కోర్సుగా ఒప్పుకోవడం వేరు. స్టాటిక్స్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ లాంటివి డిగ్రీకి లెక్కకు రాని ఖాళీ ఎలక్టివ్‌లుగా పడ్డాయంటే ఒక సెమిస్టర్ వెనక్కి పోతుంది, అంటే ట్యూషనే ఇంకో పద్నాలుగు వేలు. సిలబస్‌లు పట్టుకుని అక్కడి డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌తో ముందే మాట్లాడించండి.

మా అత్తగారు తెనాలి నుంచి ఫోన్‌లో, "ఆడపిల్ల చదువుకుంటానంటే లెక్కలు చూస్తారా ఎవరైనా?" అన్నారు. మా నాన్న కూడా అంతే, ఫీజు ఎంతో మాకు ఎప్పుడూ తెలియనివ్వలేదు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ ఇక్కడ పెరిగిన పిల్లకు ఆ మౌనం ప్రేమలా కనిపించదు, తనను పక్కన పెట్టినట్టు కనిపిస్తుంది. అందుకే డైనింగ్ టేబుల్ దగ్గర మా జీతాలు, ఇంటి లోను, తన 529 అకౌంట్‌లో (చదువు కోసం దాచే పొదుపు ఖాతాలో) ఉన్నదంతా తన ముందు పెట్టాం. 529 డబ్బు ఏ రాష్ట్రంలోనైనా వాడుకోవచ్చు, అది ఊరట. తను అప్పటికే ఒక షీట్ తయారు చేసి ఉంచింది. మూడో ఏడాది నుంచి తన పేరు మీద ఏడాదికి వచ్చే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) లోన్ 7,500 డాలర్లు, వేసవి ఇంటర్న్‌షిప్, థాంక్స్‌గివింగ్ టికెట్టు, అన్నీ రాసింది. చివరి వరసలో "అమ్మా నాన్నా రిటైర్‌మెంట్: ముట్టుకోకూడదు" అని ఉంది. వాళ్ళ నాన్న అది చదివి, కళ్ళజోడు తీసి కాసేపు తుడుచుకుంటూ కూర్చున్నారు.

ఇదంతా కుదురుతోంది తను ఇక్కడ పుట్టి ఇక్కడి పౌరురాలు కాబట్టి. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ సాయం ఉండదు, ఇరవై ఒకటి నిండితే వీసా మారాలి, అప్పుడు చాలా చోట్ల సొంత రాష్ట్రంలో కూడా ఇన్-స్టేట్ ఫీజు పోయే ప్రమాదం ఉంది. గ్రీన్ కార్డు లైన్లో ఉన్నవాళ్ళు విద్యార్థి ఏ రాష్ట్రం కిందికి వస్తాడో తేల్చే యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసును రాతపూర్వకంగా అడగాలి, ఫోన్లో చెప్పింది సరిపోదు.

చివరికి రెండు చోట్లా అప్లై చేస్తోంది: పర్డ్యూకి, ట్రాన్స్‌ఫర్ మీద జార్జియా టెక్‌కి కూడా. అక్కడా ఏరోస్పేస్ ఉంది, జెల్ మిల్లర్ కూడా పోదు, 3.3 జీపీఏ (గ్రేడ్ల సగటు) నిలబెట్టుకుంటే చాలు. పర్డ్యూ ఒక్కటే వస్తే ఏడాదికి మేం ఎంత వరకు ఇవ్వగలమో అంకె చెప్పేశాం. చెల్లెలి 529 జోలికి మాత్రం వెళ్ళేది లేదని కూడా చెప్పాం. "నేనూ అదే అడుగుదామనుకున్నా," అంది.