ఎన్‌కోర్ రెండో అటెంప్ట్: నిలబడని టన్నెల్ నేర్పింది

నిన్న స్కోర్ రిపోర్టులో పాస్ అని చూసి పది నిమిషాలు కుర్చీలోంచి లేవలేదు. సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌పీకి రాసే ఎన్‌కోర్ పరీక్ష, 350-401. వచ్చిన ప్రశ్నలు మాత్రం అడగకండి ఫ్రెండ్స్, ప్రశ్నలు బయటపెట్టనని ఎన్‌డీఏ (గోప్యతా ఒప్పందం) ఒప్పుకున్నాకే పరీక్ష మొదలవుతుంది. ఎలా చదివానో చెప్తాను.

మొదటిసారి ఫెయిలయ్యాను. అమీర్‌పేటలో కోచింగ్, నోట్సు నిండా కమాండ్లు. ఇంటర్నెట్ మీదుగా రెండు రూటర్లను నేరుగా కలిపినట్టు చేసే దారే టన్నెల్; టన్నెల్ సోర్స్, టన్నెల్ డెస్టినేషన్ అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. రిపోర్టులో దెబ్బకొట్టింది ఈ టన్నెళ్లు వచ్చే భాగమే, వర్చువలైజేషన్. పది శాతమే కదా అని తేలిగ్గా తీసుకున్నాను. 400 డాలర్ల ఫీజు పోయింది. ఇంట్లో చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

ఆ తర్వాత ఈవీఈ-ఎన్‌జీలో (కంప్యూటర్లోనే రూటర్లు నడిపే ల్యాబ్ సాఫ్ట్‌వేర్) మూడు రూటర్లు పెట్టాను: హైదరాబాద్, విజయవాడ, మధ్యలో ఐఎస్పీ (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ). రెండు వైపులా ఐఎస్పీకి డిఫాల్ట్ రూట్ (వేరే దారి తెలియనప్పుడు వాడేది), మీద జీఆర్ఈ టన్నెల్ (ప్యాకెట్‌ను ఇంకో ప్యాకెట్‌లో చుట్టి పంపేది), దాని మీద ఓఎస్‌పీఎఫ్ (రూటర్లు దారులు ఒకదానికొకటి చెప్పుకునే ప్రొటోకాల్). నైబర్ ఫుల్ అయింది, అంటే రెండు రూటర్లూ దారుల సమాచారం పూర్తిగా పంచుకున్నాయి. సంతోషించేలోపే టన్నెల్ డౌన్. కాసేపటికి మళ్లీ అప్, మళ్లీ డౌన్. లాగ్‌లో 'రికర్సివ్ రూటింగ్' అని అదే మెసేజ్. రాత్రి రెండు దాటింది. కాన్ఫిగ్ మొత్తం చెరిపేసి మళ్లీ కొట్టాను, అదే వరస.

చివరికి ఏ అడ్రస్‌కు ఏ దారో చూపించే కమాండ్, షో ఐపీ రూట్ 203.0.113.2 కొట్టాను. అది విజయవాడ రూటర్ పబ్లిక్ అడ్రస్, అంటే నా టన్నెల్ డెస్టినేషన్. దానికి దారి టన్నెల్ 0 గుండా అని చూపించింది! ఓఎస్‌పీఎఫ్‌లో నెట్‌వర్క్ 0.0.0.0 255.255.255.255 ఏరియా 0 అని అన్ని లింకులూ కలిసిపోయేలా బద్ధకంగా ఒక్క లైను కొట్టాను కదా, విజయవాడ తన ఐఎస్పీ లింకును కూడా టన్నెల్‌లోంచి ప్రకటించింది. అది /30 (నాలుగే అడ్రస్‌లున్న చిన్న నెట్‌వర్క్), డిఫాల్ట్ రూట్ కంటే స్పెసిఫిక్; రూటర్ స్పెసిఫిక్ దారినే ఎంచుకుంటుంది. టన్నెల్ చివరికి చేరాలంటే ఆ టన్నెల్లోంచే వెళ్లాలి. అలా ఎలా నిలబడుతుంది? ఓఎస్‌పీఎఫ్‌లో ల్యాన్, టన్నెల్ నెట్‌వర్కులు మాత్రమే ఉంచాను. ఇక కదల్లేదు. డెస్టినేషన్‌కు ఐఎస్పీ వైపు /32 స్టాటిక్ రూట్ (ఆ ఒక్క అడ్రస్‌కే చేత్తో రాసే దారి) రాసినా సరిపోతుంది.

కమాండ్ గుర్తుండటం వేరు, ప్యాకెట్ ఏ దారిన పోతుందో కళ్లకు కట్టడం వేరు. నాకు ఈ రెండోది ఆ రాత్రే వచ్చింది.

ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు) కూడా ఇలాగే. జీఆర్ఈ 24 బైట్లు తింటుంది, 1500లో 1476 మిగులుతుంది. ఐపీసెక్ (ఎన్‌క్రిప్షన్) కూడా కలిస్తే ఐపీ ఎంటీయూ 1400, ఎంఎస్ఎస్ (ఒక్క ప్యాకెట్‌లో టీసీపీ డేటా పరిమితి) 1360 పెట్టండి, రెండు వైపులా. నేను ఒక వైపే పెడితే ఓఎస్‌పీఎఫ్ నైబర్ ఫుల్ కాకుండా ముందు దశ ఎక్స్‌స్టార్ట్‌లోనే ఆగిపోయింది.

మిగతావి మీకు తెలిసినవే. పరీక్ష 120 నిమిషాలు, ఒక ప్రశ్న దాటి ముందుకెళ్తే వెనక్కి రాలేం. ల్యాబ్‌లో కాన్ఫిగ్ సేవ్ చేయడం మర్చిపోకండి.

రెండుసార్లు రాశావా అని ఆఫీసులో ఒకరు అన్నారు. రాశాను. నైట్ షిఫ్ట్ చేస్తూ, దిగాక రోజూ గంటన్నర ల్యాబ్ చేసి రాశాను. డంప్స్ (లీకైన ప్రశ్నలు) బట్టీపట్టి పాసైనవాళ్లు లింక్ డౌన్ అయితే ఫోన్ ఎవరికి చేస్తారో నేను రోజూ చూస్తున్నాను. ఆదివారం ఎనిమిది గంటలు కాదు తమ్ముళ్లూ, రోజూ ఒక ల్యాబ్. చెడగొట్టండి, షో కమాండ్లతోనే కారణం పట్టుకోండి, అలా దొరక్కపోతేనే డీబగ్ ముట్టుకోండి.

ఇక నాకు సీసీఎన్‌పీలో తర్వాతి పరీక్ష, ఎనార్సీ (ENARSI). అందులో వచ్చే డీఎంవీపీఎన్ (చాలా ఆఫీసులను టన్నెళ్లతో కలిపే పద్ధతి) కోసం ఒక హబ్ (మధ్య రూటర్), రెండు స్పోక్‌లు (బ్రాంచి రూటర్లు) ఇప్పటికే గీసి పెట్టాను.