చిత్తూరు దారిలో చెంచు నాటకం

తిరుమలకు వెళ్లొచ్చినవాళ్లలో వెంగమాంబ పేరు విననివాళ్లు తక్కువ. కాకపోతే ఆ పేరు వినగానే గుర్తొచ్చేది అన్నప్రసాద భవనం, అక్కడి పొడుగాటి బల్లలు, వేడి సాంబారు. కాస్త లోపలి సంగతి తెలిసినవాళ్లయితే ఏకాంతసేవలో ఇచ్చే ముత్యాలహారతిని తలుచుకుని ‘తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి’ అంటారు. ఆవిడ యక్షగానాలు రాసిందనీ, వాటిలో శివనాటకం, రుక్మిణీ నాటకం, చెంచు నాటకం ఉన్నాయనీ చెబితే మాత్రం ముఖముఖాలు చూసుకుంటారు. చిత్తూరు వైపు ఒక ఊళ్లో వీధినాటకం వాళ్లు ఆ చెంచు నాటకాన్ని మళ్లీ కట్టారని మిత్రుడు ఫోను చేశాడు. ఇక ఆలోచించలేదు. తెనాలిలో రైలెక్కి తిరుపతిలో దిగాను.

చంద్రగిరి దాటాక రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలే. తోతాపురి కాయ బరువుకు కొమ్మలు నేలకు తగులుతున్నాయి. ఊరు చేరేసరికి పొద్దు వాలింది.

ఆట ధర్మరాజుల గుడి ముందు. ఈ జిల్లాలో ద్రౌపదమ్మ గుడిని జనం అలాగే అంటారు. ఎండాకాలంలో అక్కడ పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం, మధ్యలో తపస్సు మాను ఎక్కే అర్జునుడు, చివరి రోజు దుర్యోధన వధ, ఆ పైన నిప్పుల గుండం. నేను వెళ్లేసరికి భారతం అయిపోయింది. మైదానంలో మట్టి దుర్యోధనుడు ఇంకా వెల్లకిలా పడుకునే ఉన్నాడు, తొడ మాత్రం పగిలిపోయి ఉంది. పిల్లలు ఆయన పొట్ట మీద కూర్చుని బొరుగులు తింటున్నారు. ఇంతకంటే మంచి బాల్కనీ మా తెనాలి హాళ్లలో కూడా చూడలేదు.

మిత్రుడు నన్ను వేషాలు కట్టే చోటికి తీసుకెళ్లాడు. గుడి వెనక రేకుల షెడ్డు. ముఖాలకు అర్దళం పూసుకుంటున్నారు. అద్దం ముక్కలు అతికిన కిరీటాలు, భుజకీర్తులు దండెం మీద వేలాడుతున్నాయి. మొన్నటిదాకా భీముడు వేసిన మనిషే ఇవాళ నరసింహస్వామి. ఆ స్వామి మనసు పడే అడవిపిల్ల చెంచిత వేసేది పాల కేంద్రంలో పనిచేసే కుర్రాడు. మీసం తీయించుకున్నందుకు ఇంట్లో అలిగారట.

వాళ్లకు ఆట నేర్పే అయ్యవారి దగ్గర నాటకం జిరాక్సు కాగితాల కట్ట ఉంది. ప్రతి దరువు, అంటే నాటకంలో పాట, మీదా రాగం పేరు, జంపె లాంటి తాళం పేరు ఉన్నాయి. అసలు చిక్కంతా అక్కడే. 1817లో కన్నుమూసిన కవయిత్రి రాత మిగిలింది గానీ, పాడే వరస, అదే మట్టు, మిగల్లేదు. “మరి ఎట్ల కట్టినారు?” అని అడిగాను, నాకూ ఆ మాట తీరు అంటుకుని. ఆయన నవ్వి, “జంపె అని రాసుంటే మా భారతంలో జంపె దరువు ఏదుందో దాన్లో పెట్టి పాడి చూస్తిమి సామీ. పట్టిందా, ఉంచితిమి. పట్టలేదా, ఇంకోటి” అన్నాడు. పండితులు దీన్ని ఒప్పుకోకపోవచ్చు. నాకు మాత్రం ఇదే సరైన దారి అనిపించింది. వీధిలో ఆడేవాడి గొంతుకు అలవాటైన నడకలోకి రాని దరువు ఎంత శాస్త్రీయమైనా కాగితం మీదే ఉండిపోతుంది.

రాగిసంగటి, ఊరిబిండి తిని వచ్చేసరికి మద్దెల మోగింది. ఇద్దరు తెర పట్టుకున్నారు. తెర పైన కిరీటం, కింద గజ్జెలు, అంతే కనబడతాయి. నరసింహస్వామి తెర వెనకే ఎంతసేపు తిరిగాడో! మా వైపు పద్యనాటకంలో నటుడు ఒంటరిగా రాగం తీస్తాడు, జనం ‘వన్స్ మోర్’ అంటారు. ఇక్కడ నటుడు అన్న ప్రతి ముక్కనూ వెనక వంతవాళ్లు అందుకుని రెట్టిస్తారు. నటుడు ఊపిరి పీల్చుకుంటాడు, పాట మాత్రం ఆగదు. తరిగొండ నృసింహుడి పేరు వచ్చిన ప్రతిసారీ ముందు వరసలో ముసలమ్మలు చేతులెత్తి మొక్కారు. వెంగమాంబ ఇష్టదైవం ఆయనే. చిన్నతనంలోనే భర్త పోయినా జుట్టు తీయించుకోనని లోకానికి ఎదురు నిలిచిన మనిషి, తన స్వామి అడవిపిల్ల వెంట పడి తిప్పలు పడడాన్ని ఇంత సరదాగా రాసుకుందంటే ఆవిడ ధైర్యం ఒక్క జుట్టు దగ్గరే ఆగలేదన్నమాట.

ఆట రక్తికట్టింది మాత్రం పెళ్లిబేరం దగ్గర. చెంచుదొర అడుగుతాడు: “నీకేం పని తెలుసబ్బా? తేనె తీస్తావా? గడ్డలు తవ్వుతావా?” స్వామి తెల్లమొహం వేస్తాడు. “గోళ్లుండాయి కదా, తవ్వలేవా?” అని చెంచిత అనగానే మైదానమంతా గొల్లుమంది. ఇది జిరాక్సులో లేదని నాకు తెలుసు, ఎందుకంటే అయ్యవారు కూడా తాళం ఆపి నవ్వాడు. ఆ తర్వాత వచ్చిన ఆదిలక్ష్మి అలక గంటసేపు సాగింది. పాడిన మనిషి మంచి గాయకుడే, కానీ సగం జనం చాపల మీదే వాలిపోయారు. దాన్ని కుదిస్తే బాగుండు.

ఆ మాటే తెల్లారి టీ తాగుతూ అయ్యవారితో అన్నాను. పనిలో పనిగా, తిరుపతిలో ఏదైనా ఆడిటోరియంలో గంటన్నరకు సరిపడా ఆడితే నలుగురికీ తెలుస్తుంది కదా అని కూడా కలిపాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు. “అలక తగ్గిస్తాం, అది నిజమే. గంటన్నరంటే మాత్రం కాదు సామీ, అప్పటికి మా స్వామి తెర దాటి బయటికి కూడా రాడు.”

పక్క ఊరివాళ్లు అప్పటికే వచ్చి తాంబూలం ఇచ్చేశారు. వచ్చే శనివారం మళ్లీ ఆట, రాత్రంతా. అలక అరగంటకు తగ్గించాక ఎలా ఉంటుందో చూడాలని నేను వాపసు టికెట్టు రద్దు చేసుకున్నాను.