హోర్న్‌స్ట్రాండిర్‌లో నక్కల మధ్య అయిదు రోజులు – నా అనుభవం

ఐస్‌లాండ్ మ్యాప్‌లో వాయవ్యం మూల చూస్తే సముద్రంలోకి వేళ్ళు చాచినట్టు కొండలు పొడుచుకొచ్చి ఉంటాయి, అందులో అన్నిటికన్నా పైన ఉన్న ద్వీపకల్పం హోర్న్‌స్ట్రాండిర్. రోడ్డు లేదు, కరెంటు లేదు, షాపు లేదు, చాలాచోట్ల సిగ్నల్ కూడా ఉండదు. ఒకప్పుడు జనం చేపలు పట్టుకుని, సముద్రపక్షుల గుడ్లు ఏరుకుని అక్కడ బతికేవాళ్ళు, 1950ల మొదట్లో చివరివాళ్ళు కూడా ఊళ్ళు వదిలేసి వచ్చేశారు. 1975లో దాన్ని ప్రకృతి సంరక్షణ ప్రాంతంగా, అంటే రిజర్వ్‌గా చేశారు. నేనూ మా బావా జులై మొదటి వారంలో వెళ్ళాం, ఆర్కిటిక్ నక్కని దగ్గరగా చూడాలని నాకు ఎన్నో ఏళ్ళుగా ఉన్న కోరిక.

ముందు బోటు సంగతి చెప్తా, ఎందుకంటే ప్లాన్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఇసాఫ్యోర్దుర్ అనే ఊరి నుంచి వేసవిలో మాత్రమే బోట్లు నడుస్తాయి, ఆగస్టు దాటితే దాదాపు అయిపోయినట్టే. ఏ రోజు ఎక్కడ దింపాలి, ఏ రోజు ఎక్కడ ఎక్కించుకోవాలి అన్నీ ముందే బుక్ చేసుకోవాలి. స్టవ్ గ్యాస్ ఫ్లైట్‌లో తేనివ్వరు కాబట్టి ఇసాఫ్యోర్దుర్‌లోనే కొన్నాం. తిండి మాత్రం ఇంటి నుంచే, అటుకులు, పులిహోర పొడి, వేరుశనగ ఉండలు, కందిపొడి, నెయ్యి చిన్న డబ్బాలో. అక్కడికి వెళ్ళేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఒకటే, లెక్క వేసినదానికన్నా ఒకటిన్నర రోజు తిండి ఎక్కువ పెట్టుకోండి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

మేం దిగాల్సిన వేదిలేసుఫ్యోర్దుర్ అనే చోట జెట్టీ ఏమీ లేదు, పెద్ద బోటు నీళ్ళలోనే దూరంగా ఆగితే చిన్న రబ్బరు పడవలో ఒడ్డుకి చేర్చి వెళ్ళిపోయారు. ఇంజిన్ చప్పుడు దూరమయ్యాక ఒక్కసారిగా అంత నిశ్శబ్దం, నాకైతే గుండె జల్లుమంది. అక్కడి నుంచి 500 మీటర్ల పైన ఉన్న హాఫ్నార్‌స్కార్డ్ కనుమ దాటి అవతల హోర్న్‌విక్ అనే అఖాతంలోకి దిగాలి. జులైలో కూడా పైన మంచు ఉంది, దారంటే రాళ్ళు పేర్చిన గుట్టలే, ఒక గుట్ట దగ్గర నిలబడి తర్వాతది వెతుక్కుని అటు నడవడమే. సగంలో పొగమంచు కమ్మేసింది, ఎదురు గుట్ట కనపడలేదు. బావ "ఆగు, తొందరేం లేదు, చీకటి పడేది ఉందా ఏమన్నా" అన్నాడు. నిజమే, ఆ నెలలో అక్కడ చీకటి పడదు. ముప్పావుగంట బ్యాగుల మీదే కూచున్నాం, పొగమంచు విడిపోయాక లేచాం. జీపీఎస్ ఉన్నా సరే అలా ఆగడమే మంచిదయింది.

మర్నాడు నేను చేసిన తప్పు, కెమెరా పట్టుకుని నక్క వెంట పడటం. కనపడిన చోటికల్లా వెళ్ళాను, పొద్దున్నంతా తిరిగితే నాకు దొరికింది గడ్డిలో మాయమయ్యే తోక. ఆ మధ్యాహ్నమే హోర్న్‌బ్యార్గ్ కొండ వైపు వెళ్ళే తొందరలో ఆటుపోట్ల టైము చూడకుండా ఏరు దాటబోయాను, నీళ్ళు తొడల దాకా వచ్చేశాయి, చలికి కాళ్ళు నావి కానట్టు అయిపోయాయి. బావ వెనక్కి రమ్మని కేకేశాడు. పోటు తీసేదాకా ఆగి దాటితే అదే ఏరు మోకాలి లోపే.

హోర్న్‌బ్యార్గ్ ఎత్తయిన చోట 534 మీటర్లు. ఇటు వైపు పచ్చటి గడ్డి వాలు, గొర్రెలు లేవు కాబట్టి పూలతో గుబురుగా ఉంటుంది, అటు అంచు దగ్గరికి వస్తే ఒక్కసారిగా సముద్రంలోకి కోసేసినట్టు. బోర్లా పడుకుని పాకుతూ తల బయటికి పెట్టాం. కింద మెట్టు మెట్టుకీ గిల్లెమాట్లు, రేజర్‌బిల్లులు అనే సముద్రపక్షులు, వాటి అరుపులు, రెట్టల వాసన గాలితో పాటు మొహాన కొట్టింది. ఇక్కడ నక్కలు ఇన్ని బతకడానికి కారణం ఈ కొండలే, గుడ్లు, పిల్లలు, కింద పడ్డ పక్షులు. ఐస్‌లాండ్‌లో మిగతాచోట్ల నక్కల్ని వేటాడతారు, ఈ రిజర్వ్‌లో 1994 నుంచి వేట నిషేధం, అందుకే ఇక్కడివి మనిషిని చూసి పారిపోవు. కాకపోతే వెంటపడితే ఎవరైనా పారిపోతారు కదా.

మూడో రోజు పొద్దున వాగు దగ్గర గిన్నె కడుగుతున్నా. "ఒరేయ్, కదలకు, నీ వెనకాలే ఉంది" అన్నాడు బావ మెల్లగా. అలాగే ఉండిపోయా. నా పక్క నుంచే, మూడు బారల దూరంలో నడిచి వెళ్ళింది. ముదురు గోధుమ రంగు, చలికాలం బొచ్చు ఇంకా పూర్తిగా రాలలేదు, తొడల దగ్గర పీచు వేలాడినట్టు ఉంది. నోట్లో గుడ్డు, ఒక కొస సన్నగా, నీలి ఆకుపచ్చ మీద సిరాతో గీతలు గీసినట్టు, గిల్లెమాట్ గుడ్డు. గుడ్డుని కింద పెట్టి ముందు కాళ్ళతో నాచుని గబగబా తవ్వింది, గుడ్డుని అందులో పెట్టి ముక్కుతో లోపలికి నొక్కి, మళ్ళీ ముక్కుతోనే నాచుని ఇటునుంచీ అటునుంచీ కప్పేసింది. తలెత్తి చూసినప్పుడు మూతికి మట్టి. గుడ్డు పగల్లేదు, చప్పుడు లేదు. నేను ఫోటో తియ్యలేదు, తియ్యాలని గుర్తు కూడా రాలేదు.

బోటు నాలుగో రోజు హోర్న్‌విక్‌కే రావాలి, ఉత్తరపు గాలికి అలలు లేచి రాలేదు. ఇక్కడ అది మామూలే అని పక్క టెంటువాళ్ళు చెప్పారు. మిగిలిన అటుకుల్లో కందిపొడి, నెయ్యి కలుపుకుని టెంటులో కూచున్నాం, షూస్ మాత్రం లోపలే, నక్కలు ఎత్తుకుపోతాయి. తిండి మాత్రం పెట్టలేదు, పెట్టకూడదు, మనుషుల దగ్గర అడుక్కోవడం అలవాటైతే వాటికే చేటు. రాత్రంతా వాన. పొద్దున జిప్ తీస్తే అదే నక్క, పది అడుగుల దూరంలో తోక ముక్కు మీదకి చుట్టుకుని పడుకుని ఉంది. ఇంజిన్ చప్పుడు వినపడగానే ఒక చెవి తిప్పింది, కళ్ళు సగం తెరిచి మమ్మల్ని చూసింది, మళ్ళీ మూసేసుకుంది. మేం టెంటు చప్పుడు కాకుండా విప్పి, వాగు పక్కన ఆ నాచు తొక్కకుండా చుట్టూ తిరిగి ఒడ్డుకి వెళ్ళాం.