బోటు ఇంజన్‌కి గేర్ ఆయిల్ మార్చేది ఎండాకాలంలోనే

మా కర్నూలు సైడు బోటోళ్ళు చానామంది ఇంజన్ సంగతి ఎప్పుడు పట్టించుకుంటారంటే శ్రీశైలం డ్యాం నిండి బ్యాక్‌వాటర్ ముచ్చుమర్రి దాకా వచ్చినాక. నన్నడిగితే అది ఉల్టా. ఎండాకాలం నీళ్ళు ఎనక్కి పోయి సంగమేశ్వరం గుడి బయటపడే టైముకి బోటు గట్టుకెక్కిస్తాం కదా, గేర్ ఆయిల్ మార్చాల్సింది అప్పుడే. గేరుబాక్సులోకి నీళ్ళు దూరింటే మళ్ళీ వానలొచ్చేదాకా అవి బేరింగుల మీదనే ఉండి తుప్పు పట్టిస్తాయి. యూట్యూబ్‌లో చలిదేశాలోళ్ళు నీళ్ళు గడ్డకట్టి గేరుబాక్స్ పగుల్తుందంటారు, మనకా బాధ లేదు, మనకు తుప్పే.

మా మామది పాత టూ స్ట్రోక్, 15 హెచ్‌పీ. "ఆయిల్ పెట్రోల్లో కలిపి పోస్తానే ఉండాం కదరా, ఇంగ మార్చేదేముంది" అంటాడు. పైన ఇంజన్‌కైతే నిజమే మామా, నేను చెప్పేది కింద ఫ్యాను కాడుండే గేర్ ఆయిల్.

ఇంజన్ని నిటారుగా నిలబెట్టి కింద డబ్బా పెట్టుకోవాల. గేరుబాక్స్‌కి స్క్రూలు రెండుంటాయి, ఒకటి అడుగున, ఇంకోటి పైన. ముందు కిందిది తీయండి, కొంచెమే కారుతుంది, పైది వదులు చేసినాక గాలి దూరి మొత్తం దిగుతుంది. గాడికి సరిగ్గా పట్టే వెడల్పు స్క్రూడ్రైవర్ లేకుండా మాత్రం చెయ్యి పెట్టొద్దు, గాడి చెడిపోతే ఇంగ అది వెల్డింగ్ షాపు పనే. కొన్ని పాత మోడల్స్‌లో ఆ పక్కనే స్టార్ స్క్రూ ఒకటుంటుంది, అది గేర్ లింకుది, దాని జోలికి పోయినారో గేరుబాక్స్ మొత్తం ఇప్పాల్సొస్తుంది.

వచ్చిన ఆయిల్ని ఎండలో పెట్టి చూడండి, అసలు సంగతి ఈడే తెలుస్తుంది. నల్లగా ఉంటే పాతబడింది, అంతే. పాలు పోసిన టీ మాదిరి ఉంటే నీళ్ళు దూరినట్టు. వేళ్ళ మధ్య రుద్దితే మెత్తటి ఇనుప పొడి కొంచెం తగిలితే పర్లేదు, ముక్కలు తగిలితే గేర్ పళ్ళు పోతున్నట్టు. మన బ్యాక్‌వాటర్లో నీళ్ళు దూరేదానికి ఎక్కువసార్లు కారణం వలలే, తెగిన నైలాన్ దారం ఫ్యాను ఎనకాల షాఫ్ట్‌కి చుట్టుకొని నీళ్ళు లోపలికి పోకుండా ఆపే సీల్‌ని మెల్లగా కోసేస్తుంది, బయటికి కనపడదు, ఫ్యాను ఊడదీసి చూస్తేనే తెలుస్తుంది.

కొత్తది పోసేటప్పుడు పైనుంచి పోస్తే లోపల గాలి నిలబడిపోతుంది. కింది బొక్కలోనుంచే పంపుతో ఎక్కించాల, పై బొక్కలోనుంచి బుడగల్లేకుండా ఆయిల్ వచ్చేదాకా. ముందు పై స్క్రూ బిగించి, తర్వాత పంపు నాజిల్ లాగి కిందిది టక్కున మూసేయాల, పైన మూసుంది కాబట్టి పెద్దగా కారదు. వాషర్లు మాత్రం కొత్తవి వేయండి, పది ఇరవై రూపాయల కాడ పీనాసితనం ఎందుకప్పా. ఈ సైజు ఇంజన్‌కి అర లీటరు డబ్బా కొంటే మిగుల్తుంది కూడా. లారీలకు పోసే 90 నంబర్ ఆయిల్ పోసేవాళ్ళున్నారు, నడుస్తుంది గానీ నీళ్ళు కలిసినప్పుడు తట్టుకునేది బోటు ఇంజన్లకని అమ్మే గేర్ ఆయిలే.

పాత ఆయిల్ పాల టీ మాదిరి వచ్చిందంటే ఆయిల్ ఒక్కటే మార్చి ఊరుకుంటే లాభం లేదు. గేరుబాక్సులోకి కొంచెం గాలి కొట్టి తొట్లో ముంచితే బుడగలు యాడ్నుంచి వస్తాయో ఆ సీలే మార్చాల, అది బోటు గట్టు మీదున్నప్పుడే మెకానిక్‌తో చేయించుకోండి.