పొందూరు నూలు వెంట ఒక రోజు

పోయిన దీపావళికి ఒక షాపులో ఖాదీ అంటే నమ్మి కుర్తా కొన్నాను. మా వదిన దాని అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించింది. నూలు పోగైతే కాగితం కాలిన వాసన వచ్చి, ముట్టుకోగానే బూడిదై రాలిపోవాలి. ఇది కరిగి, చివర నల్లపూసలా గట్టిపడింది. "ఒకసారి నాతో పొందూరు రా" అంది వదిన. అంతకుమించి ఏమీ అనలేదు. పొందూరు శ్రీకాకుళం జిల్లాలో సన్న ఖాదీకి పేరున్న ఊరు.

వదిన విశాఖలో ఇంటి మేడ మీద బట్టలు కుట్టించి అమ్మే చిన్న బ్రాండ్ నడుపుతోంది. రెండు మిషన్లు, కుట్టేవాళ్లు ఇద్దరు, ఇద్దరికీ నెల జీతం. చొక్కాకి ఇంత అని లెక్కకట్టి ఇస్తే తొందరలో కుట్టూ చెడుతుంది, మనిషి నడుమూ చెడుతుంది అంటుంది. గుండీలు కొబ్బరి చిప్పతో చేసినవి. మిగిలిన ముక్కలు బొంతలవుతాయి. బట్ట మాత్రం మన ఉత్తరాంధ్రలో నేసిందే కావాలి. ఎంత గిరాకీ ఉన్నా కొన్ని చొక్కాలకు మించి కుట్టించదు. ఎందుకని చాలాసార్లు అడిగాను.

జనవరిలో ఒక ఉదయం పలాస వెళ్లే ప్యాసింజర్ ఎక్కాం. విజయనగరం దాటేవరకు మంచే. చీపురుపల్లి దగ్గర ఎండ పొడిచింది, కోతలైన పొలాల్లో గడ్డివాములు, గట్ల మీద తాటిచెట్లు కనబడ్డాయి. పొందూరులో దిగి ఆటోలో ఊళ్లోకి వెళ్లాం.

ముందు ఖాదీ సంఘానికి వెళ్లాం. ఇది 1949లో పెట్టిన ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం. దీని భవనానికి వినోబా భావే 1955లో శంకుస్థాపన చేశారు. ఇక్కడి బట్ట సన్నదనం విని గాంధీజీ తన కొడుకు దేవదాస్ గాంధీని చూసి రమ్మని పంపారన్న సంగతి ఊళ్లో ఎవరిని కదిపినా చెప్తారు. చెప్పేటప్పుడు నిన్నో మొన్నో జరిగినట్టే చెప్తారు.

అక్కడి నుంచి వదినకు తెలిసిన ఒక మామ్మ ఇంటికి వెళ్లాం. డెబ్బై దాటి ఉంటాయి. వసారాలో చాప మీద కూర్చుని ఉంది, ముందు పత్తి కుప్ప. మిల్లులకు వెళ్లే పొడుగు పింజ పత్తి కాదు, ఈ ప్రాంతపు కొండపత్తి. మామ్మ చేతిలో బొటనవేలంత ఎముక ఒకటి ఉంది. వాలుగ చేప దవడ. దాని పళ్లు ఎంత సన్నవంటే నేను దగ్గరగా వంగితేగానీ కనబడలేదు. గింజతో ఉన్న పత్తిని దానితో దువ్వుతోంది. నలకలు రాలిపోతున్నాయి, పీచు మొత్తం ఒకవైపుకి వాలుతోంది.

"ఇనప దువ్వెన పనికిరాదా మామ్మా?" అని అడిగాను.

"పీచు తెగిపోద్ది పాపా. ఇదైతే తెంపదు."

దువ్విన పత్తిని చెక్క మీద పెట్టి సన్నటి ఇనపకడ్డీ దొర్లించింది. గింజలు ఒక్కొక్కటే ఇవతలికి వచ్చేశాయి. తర్వాత చిన్న విల్లుతో ఏకింది. ఆ దూది గాలికే లేస్తుంటే నేను ఊపిరి బిగపట్టాను. దాన్ని ఏకులుగా చుట్టి, ఎండిన అరటి దవ్వలో పెట్టింది. తడి, దుమ్ము తగలకుండా ఉంటుందట. ఇంత జరిగాక గానీ రాట్నం దగ్గరికి రాలేదు. పెద్ద చక్రం, ఒకటే కదురు. ఎడమచెయ్యి పైకి లేస్తుంటే దూదిలోంచి పోగు పుడుతోంది. వెలుతురుకి ఎదురుగా పెడితేనే కంటికి ఆనుతోంది.

మధ్యలో కరెంటు పోయింది. ఆ సంగతి ఎదురింటి టీవీ ఆగినప్పుడు తెలిసింది. వసారాలో ఏ పనీ ఆగలేదు.

నన్నూ కూర్చోబెట్టింది. నాలుగుసార్లు తెగింది. "కళ్లతో కాదు, ఏలితో సూడాల" అని తన వేళ్లు నా వేళ్ల మీద పెట్టింది. ఒక జానెడు పోగు వచ్చింది. దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను.

నూరో నంబరు నూలు అంటే ఏమిటో ఆ వసారాలోనే లెక్క వేసుకున్నాం. చిలప అంటే ఒక నూలు చుట్ట, దానికి 840 గజాలు. అలాంటి 100 చిలపలు కలిస్తే ఒక పౌను, అంటే అరకిలో కూడా తూగదు. మొత్తం 84,000 గజాలు, దగ్గరదగ్గర 77 కిలోమీటర్లు. పొద్దున మేం రైల్లో విశాఖ నుంచి విజయనగరం వచ్చిన దారికంటే ఎక్కువ. అదంతా ఇలాంటి రెండు వేళ్ల మధ్య నుంచి రావాలి.

కూలి ఎంత పడుతుందని అడిగాను. "ఉపాధి పనికెళ్తే ఇంతకన్నా వస్తాది పాపా. నాను కూకోగలను కాబట్టి కూకుంటన్నాను. కోడల్ని కూకోమంటే ఏటి బాగుంటాది?" అంది. మామ్మ గొంతులో కోపం లేదు. నాకు మాత్రం చాలా బాధేసింది. న్యాయమైన బట్ట అనేది కుట్టేవాళ్ల జీతం దగ్గరే ఆగిపోతే సరిపోదు, వడికే చెయ్యి దాకా వెళ్లాలి. వదినకూ ఈ బెంగ ఉంది. తను సంఘం చెప్పిన ధరకి బేరమాడదు, డబ్బు ముందే కడుతుంది. కానీ మామ్మ కూలి తన చేతిలో లేదు. చేతిలో లేదని ఊరుకోనూ లేదు, వచ్చినప్పుడల్లా సంఘంలో ఆ మాట ఎత్తుతూనే ఉంది.

పక్కవీధిలో గుంతమగ్గం చూశాం. నేసే ఆయన పడుగులో తెగిన పోగు అతుకుతున్నాడు. మాట్లాడిస్తే పని చెడుతుందని కాసేపు నిలబడి వచ్చేశాం.

చేనేతకూ ఖాదీకీ తేడా ఏమిటో కూడా నాకు ఆ రోజే సరిగ్గా తెలిసింది. మిల్లు నూలుతో మగ్గం మీద నేసినా చేనేతే. ఖాదీకి నేత ఒక్కటే చేతిదైతే చాలదు, నూలు కూడా చేత్తో వడికి ఉండాలి. 2013లో వచ్చిన ఖాదీ మార్క్ నిబంధనల ప్రకారం ఆ గుర్తు లేకుండా ఖాదీ పేరుతో అమ్మకూడదు. అందుకే వదిన తన ట్యాగ్ మీద ఆ మాట వాడదు. ఊరి పేరు రాసి, సంఘం బిల్లు చూపిస్తుంది.

సాయంత్రం మళ్లీ సంఘానికి వెళ్లాం. వదిన 60 మీటర్లు అడిగింది. తనకు కావలసిన రకంలో 24 మీటర్లే ఉంది, మిగతాది ఇంకా మగ్గాల మీదుంది. పట్టు పట్టలేదు. ఉన్నది మడత పెట్టించుకుని సంచిలో పెట్టుకుంది.

పొందూరు స్టేషన్లో బెంచీ మీద కూర్చుని నోట్‌బుక్ తీసింది. చొక్కాకి 2.4 మీటర్లు, మొత్తం 10 చొక్కాలు. పది పేర్లు రాసింది. మిగతావాళ్లకి బట్ట రాలేదని, ఆలస్యమవుతుందని మెసేజ్‌లు పెట్టింది.

"నాకొకటి వదినా" అన్నాను.

జాబితా చివరికి వెళ్లి నా పేరు రాసింది. "ఎండాకాలం దాటుతుంది మరి" అంది.

సరేనన్నాను. పక్క స్టేషన్ దూసి వైపు నుంచి రైలు లైటు కనబడుతోంది.