శాంపిల్ అట్టల లెక్క

గురువారం, పర్లాకిమిడి.

దసరా దగ్గరపడింది. ఓపీ బెంచీ మీద పాతపట్నం నుంచి వచ్చినవాళ్లు, గుమ్మ కొండల నుంచి దిగినవాళ్లు. వాళ్ల పక్కన బ్యాగులతో ముగ్గురు మందుల కంపెనీ రెప్‌లు. ఒకతని చేతిలో స్వీటు డబ్బా, దాని కింద వెండి గిన్నె. గుమ్మంలోంచే వెనక్కి పంపేశాను. కుర్రాడి మీద కోపం లేదు, టార్గెట్ అతని పీక మీద ఉంటుంది.

డాక్టర్ల నీతి నియమాలకి 2009 డిసెంబరులో వచ్చిన సవరణతో మందుల కంపెనీల నుంచి డాక్టరు ఏ కానుకా పుచ్చుకోకూడదు. 2016లో శిక్షలు కూడా రాశారు: విలువ వెయ్యి దాటి ఐదు వేల దాకా అయితే మందలింపు, పదివేల దాకా మూడు నెలలు రిజిస్టరు నుంచి పేరు తీసివేత, లక్ష దాటితే ఏడాదికి పైనే. 2024 మార్చిలో మందుల కంపెనీల ప్రచారానికి వచ్చిన కోడ్ మాత్రం వెయ్యి లోపు క్యాలెండర్లు, డైరీలు, పుస్తకాలు ఇవ్వొచ్చంటుంది. ఆ సందులోంచే అంతా మొదలవుతుంది. ఇచ్చినవాడు మర్నాడు మెడికల్ షాపు కౌంటరు దగ్గర నిలబడి, ఈ డాక్టరు చీటీల్లో తన బ్రాండు ఎన్ని పోయిందో అడిగి రాసుకుంటాడు. దాన్ని ఆర్‌సీపీఏ అంటారు. గిన్నె ఖరీదు అక్కడ వసూలవుతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది గిన్నె కాదు, కంపెనీలు డాక్టర్లకి ఊరికే ఇచ్చే మందుల శాంపిళ్లు. పేదలకే కదా ఇస్తున్నాం అని ఎవరికీ తప్పనిపించదు. ఈవేళ ఒక ముసలమ్మ ఖాళీ అట్ట చూపించి, "ఈ ఎర్రట్ట మాత్రే రాయండి బాబూ" అంది. ఎక్కడో మూడు అట్టలు ఊరికే ఇచ్చారట. గ్లిప్టిన్, మెట్‌ఫార్మిన్ అనే రెండు షుగరు మందులు కలిసిన మాత్ర. అవి అయిపోయాక ధర చూసి పది మాత్రలే కొని, రోజు విడిచి రోజు మింగింది. పరగడుపు షుగరు 240. మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా రాశాను, బ్రాండు పేరు లేకుండా, పెద్దక్షరాల్లో. రెండు వారాల్లో మళ్లీ రమ్మన్నాను. ఆ మాత్ర జన ఔషధి దుకాణంలో దొరికేదే.

యాంటీబయాటిక్ శాంపిల్ అయితే మరీ ప్రమాదం: ఐదు రోజుల కోర్సుకి మూడు మాత్రలిచ్చి పంపితే జ్వరం తగ్గుతుంది, రోగి ఆపేస్తాడు, సగం చచ్చిన క్రిమి మిగులుతుంది.

కోడ్ ప్రకారం ఒక మందుకి డాక్టరుకి ఏడాదికి 12 ప్యాకులే, ఒక్కో ప్యాకు ముగ్గురు రోగుల కోర్సుకి మించకూడదు. కంపెనీ పద్దు కంపెనీ రాసుకుంటుంది. మన పద్దు మనకీ ఉండాలి: తేదీ, మందు, బ్యాచ్, ఎక్స్‌పైరీ, ఎవరికి, ఎన్ని. పూర్తి కోర్సుకి సరిపడకపోతే అసలు పుచ్చుకోకూడదు. దీర్ఘకాలం వాడాల్సిన బీపీ, షుగరు మందులైతే ఒక్కటీ వద్దు.

సాయంత్రం అలమర దులిపితే "అమ్మకానికి కాదు" అని అచ్చువేసిన అట్టలు పదకొండు, అందులో నాలుగు గడువు తీరినవి. లెక్క రాసి వేరే కవర్లో పెట్టాను. రేపు పొద్దున్నే వచ్చే రెప్‌కి రసీదు రాయించుకుని అప్పగించాలి.